‘తరతరాలుగా’ అంటే ఎప్పటి నుంచి?

నాకు అస్సలు గిట్టని మాట ఒకటుంది: తరతరాలుగా. పేపర్లో చూడండి, మీటింగులో వినండి, ఎక్కడైనా అదే. ‘పాలమూరు జనం తరతరాలుగా వలస పోతున్నారు.’ ‘నల్లగొండను తరతరాలుగా ఫ్లోరైడ్ భూతం పట్టి పీడిస్తోంది.’ ‘ఆడపిల్లకు భూమి ఇయ్యకపోవడం తరతరాలుగా వస్తున్నదే.’ విన్నవాళ్లు అయ్యో పాపం అంటారు, అక్కడితో సరి. ఇది ఎప్పుడు మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు అని అడగాలని ఎవరికీ తోచదు. అట్లా తోచనియ్యకపోవడమే ఆ మాట చేసే పని అని నా అభిప్రాయం.

మన భాషలో తరం అంటే రెండు అర్థాలున్నాయి. తాత తరం, తండ్రి తరం అనేది ఒకటి. ‘అది నా తరం కాదు’ అనేది ఇంకొకటి, నా వశం కాదని. ఎవరన్నా తరతరాలుగా అనగానే నాకు ఈ రెండో అర్థమే చెవిన పడుతుంది. ఇది ఎవరి తరమూ కాదు, వదిలెయ్యండి అన్నట్టు.

నేను అర్జీలు రాసి బతికేవాణ్ణి. నాగర్‌కర్నూల్ దిక్కు ఒక తహసీల్ ఆఫీసు ముందర, జిరాక్స్ షాపు పక్కన నా బల్ల. ఎక్కువగా వచ్చేవి విరాసత్ కాగితాలు. పట్టాదారు చనిపోతే భూమిని వారసుల పేరు మీదికి ఎక్కించడాన్ని మా దిక్కు విరాసత్ అంటాం. పాతవాళ్లు ఫౌతి అంటారు. రెండూ ఉర్దూ కచేరీల నుంచి వచ్చి మన నోళ్లలో స్థిరపడ్డవే. ఆ మాటకొస్తే వారసుడు కూడా అక్కడివాడే. ‘వారిస్’కు మనం ‘డు’ తగిలించుకున్నాం. ఆపైన ‘త్వం’ చేర్చి వారసత్వం అనేసరికి అదేదో వేదాల్లోంచి దిగినంత మర్యాద వచ్చింది.

ఆ మర్యాద సంగతెట్లున్నా, విరాసత్ కాగితం మీద నాకు గౌరవం ఉంది. చనిపోయింది ఎవరు? ఏ తారీఖున? సర్వే నంబరెంత, ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు? వారసులు ఎందరు, ఒక్కొక్కరు ఏమవుతారు? ఇందులో ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా ఫైలు కదలదు. ధరణి పోర్టల్ 2020లో వచ్చింది, భూభారతి 2025లో వచ్చింది, తెర మీద రంగులు మారాయి గానీ ప్రశ్నలు అవే. ఒక తరం నుంచి ఇంకో తరానికి ఏదన్నా దిగిందంటే, దిగిన తేదీ ఉంటుంది, ఇచ్చిన చెయ్యి ఉంటుంది, అందుకున్న చెయ్యి ఉంటుంది. పావెకరం చెలకకు ఇంత విచారణ జరిపే మనం, రోగం గురించీ అప్పు గురించీ వలస గురించీ మాట్లాడేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్నా వెయ్యం.

మొన్న ఎండాకాలం ఒక కుటుంబం వచ్చింది. ఇద్దరు తమ్ముళ్లు, ఒక అక్క. తండ్రి పేరు మీద మూడెకరాల పది గుంటలు. అక్క తన వాటా వద్దని చెప్పడానికి వచ్చింది. వేలిముద్ర మిషన్ మీద ఆమె బొటనవేలు ఎన్నిసార్లు పెట్టినా తీసుకోలేదు. ఏళ్ల తరబడి పత్తి ఏరిన వేలు, గీతలన్నీ అరిగిపోయినయి. పెద్ద తమ్ముడు ఉరికి నీళ్ల సీసా తెచ్చి చెయ్యి కడిగించాడు. చిన్నవాడు దస్తీతో ఒక్కో వేలూ తుడిచాడు. మళ్లీ పెట్టించారు, మళ్లీ ఎర్ర లైటే. “మీరు గింత సేవ నా పెండ్లప్పుడు గూడ చెయ్యలే గదరా” అని ఆమె నవ్వింది. ఆఫీసు బయట చెట్టు కింద కూర్చున్నప్పుడు నేను అడిగాను, “అమ్మా, నీకూ సమానంగ వాటా వస్తది, ఎరుకేనా?” “ఎరుకే సారూ. భూమి తీస్కుంటే పుట్టిల్లు ఉంటదా? పండుగకు చీర పెట్టేదెవరు?” పక్కనున్న పెద్ద తమ్ముడు నా దిక్కు తిరిగి, “తరతరాల సంది ఇంతే గద సార్” అన్నాడు.

ఎక్కడి తరతరాలు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెండ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు వచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి. అప్పుడు ముఖ్యమంత్రి ఎన్టీఆర్. దేశమంతటా అది రావడానికి 2005 సెప్టెంబరు 9 దాకా ఆగాల్సి వచ్చింది, అప్పుడు పెండ్లయినవాళ్లకు కూడా ఇచ్చారు. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్న పేచీని కూడా 2020లో సుప్రీంకోర్టు తీర్చేసింది. అంటే ఆ ‘తరతరాలు’ చట్టం దృష్టిలో ముగిసిపోయి, ఆ పెద్ద తమ్ముడి వయసంత అయ్యింది. చీర కోసం వాటా వదులుకునే లెక్క మాత్రం ఏటేటా కొత్తగా కుదురుతోంది, మా ఆఫీసు చెట్టు కిందనే. పుట్టిల్లు పోతుందన్న భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యడం లేదు. ఆ భయం పెట్టేది తాతముత్తాతలు కాదు, పక్కన నిలబడి దస్తీతో తుడుస్తున్న మనిషే అంటున్నాను.

ఇక వలస. పాలమూరు అంటే వలస, వలస అంటే పాలమూరు అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. మా ఊరి ఒక కుటుంబం సంగతి చెబుతాను. తాత గుంపు మేస్త్రీ వెంట, అంటే కూలీలను పోగుచేసి పనికి తోలుకుపోయే మనిషి వెంట, నాగార్జునసాగర్ పనికి పోయాడు. దానికి శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న. పార పట్టినవాళ్లు ఎవరికి కావాలో వాళ్లకు పాలమూరు మట్టిపనివాళ్లే కావాల్సిన కాలం అది. కొడుకు బొంబాయికి పోయాడు. ఎందుకంటే చెరువు పూడి, బాయి ఎండి, మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టిన అడ్వాన్సు ఇంట్లో అప్పటికే ఖర్చయిపోయింది. మనుమడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. వాడిది ఫెయిలైన బోర్ల అప్పు. ముగ్గురూ ఊరు విడిచిన మాట నిజమే. ముగ్గురినీ తరిమింది వేర్వేరు. ‘తరతరాలుగా వలస’ అని కుట్టేస్తే మూడు కారణాలూ మాయమై, ఇంటిపేరులాంటిదేదో మిగులుతుంది.

కృష్ణా తుంగభద్రలు రెండూ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను ఒరుసుకుంటూనే పోతాయి. రాజోలిబండ మళ్లింపు పథకం, మేము ఆర్డీఎస్ అనేది, ఈ జిల్లాలో 87,500 ఎకరాలకు నీళ్లియ్యాలని కాగితం మీద రాసుకున్నారు. చివరి ఆయకట్టుకు ఆ నీళ్లు అందలేదు. ఎందుకు అందలేదన్న దానికి రాష్ట్రాల మధ్య తగాదాలున్నాయి, గండి పెట్టినవాళ్లున్నారు, మరమ్మతు చెయ్యని ప్రభుత్వాలున్నాయి. అంటే పేర్లున్నాయి, తేదీలున్నాయి. వాటిని పక్కన పెట్టి ‘మీ తాతల నుంచి మీరింతే’ అన్నాక ఇంక మాట్లాడటానికి ఏం మిగిలింది?

వలస వల్ల ఊళ్లో ఒక విచిత్రం జరిగింది, దాన్ని మాత్రం చెప్పకుండా పోలేను. ఎండాకాలం మా ఊరికి వస్తే నడి తరం కనబడదు. ముసలివాళ్లుంటారు, పిల్లలుంటారు. అవ్వ వండుతుంది, అవ్వే బడికి తోలుతుంది, రైతుబజారుకు పోయినా ఆస్పత్రికి పోయినా పక్కన మనుమరాలు ఉంటుంది ఏటీఎం నొక్కడానికి. తల్లిదండ్రుల గొంతు రాత్రి ఫోన్లో వినిపిస్తుంది. తాతకూ మనుమడికీ మధ్యలో ఉండాల్సిన మెట్టు బొంబాయిలో ఉంది. ఈ అవ్వలు చేస్తున్న పనికి ఏ ఫారంలోనూ కాలమ్ లేదు.

కాలమ్ ఉండి కూడా పని కాని కథ ఒకటుంది. శ్రీశైలం డ్యాం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరు దాకా ఊళ్లు మునిగాయి. 1981లో మనుషులను ఖాళీ చేయించి ఇండ్లు కూలగొట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయీ విప్పి, అలంపూర్‌కు మోసుకొచ్చి, మళ్లీ పేర్చి నిలబెట్టారు. మంచి పనే. మనుషుల కోసం 1986లో జీవో 98 వచ్చింది, నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగం అని. కొల్లాపూర్ దిక్కు ఇప్పటికీ వాళ్లను ‘98 జీవో వాళ్లు’ అనే పిలుస్తారు. అప్పుడు ఇరవై ఏళ్ల పిల్లగాడు దరఖాస్తు పెట్టుకున్నాడనుకోండి, ఉద్యోగం రాకముందే ఆయనకు రిటైరయ్యే వయసు దగ్గరపడింది. ఇప్పుడు కొడుకు పేరు రాయమని వస్తారు నా దగ్గరికి. భూమి లేదు, ఇల్లు లేదు, దిగుతున్నది ఒక ఎదురుచూపు. దీన్ని ఎవరైనా ‘తరతరాల సమస్య’ అంటే నాకు కోపం వస్తుంది. ఇది ఒక ఫైలు సమస్య. ఫైలుకు నంబరుంది, సంవత్సరం ఉంది.

అన్నిటికంటే ఈ మాట ఎక్కువ హాని చేసింది ఫ్లోరైడ్ ఊళ్లలో అనుకుంటాను. నల్లగొండ దిక్కు మర్రిగూడ, మునుగోడు, నారాయణపూర్, నాంపల్లి మండలాలు. నా చెల్లెలి అత్తగారిల్లు ఆ దిక్కే కాబట్టి పోతూ వస్తూ చూసిన సంగతి ఇది. ఒకే ఇంట్లో తాత మెడ తిప్పలేడు, పలకరిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాడు. కొడుకు యాభైకే కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. మనుమరాలి పండ్ల మీద గోధుమరంగు చారలు. మూడు తరాలు ఒక్క గడపలో కనిపిస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? వంశంలోనే ఉందనిపిస్తుంది. పెండ్లి చూపులకు వచ్చినవాళ్లకూ అదే అనిపించింది. అటేడు తరాలు, ఇటేడు తరాలు తీసి చూసేవాళ్లు ఆ ఇంటి బోరు నీళ్లు ఒక గ్లాసు పరీక్షకు పంపలేదు. పిల్ల పండ్లు చూసి ‘వాళ్లది ఆ రకం’ అనుకుని లేచిపోయారు.

ఇది రక్తంలో వచ్చేది కాదు. నల్లగొండ నేల కింద గ్రానైట్ ఉంది, ఆ రాతి ఖనిజాల్లోని ఫ్లోరిన్ నీళ్లలోకి దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దిక్కులేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్లు తాగారు ఇక్కడివాళ్లు. పండ్ల మీద చారలు పడేది పసితనంలో, చిగురు కింద పండు తయారవుతున్నప్పుడు. ఎముకలు బిగుసుకునేది ఏండ్లకేండ్లు అవే నీళ్లు తాగినాక. తిండిలో కాల్షియం లేనివాళ్ల మీద ఇంకా గట్టిగా పడుతుంది. వంశం కాదనడానికి పెద్ద సాక్ష్యం కోడళ్లు. మంచినీళ్ల ఊరి నుంచి తెల్లటి పండ్లతో కాపురానికి వచ్చిన ఆడమనిషి పండ్లు తెల్లగానే ఉంటాయి, మోకాళ్లు మాత్రం పట్టేస్తాయి. అత్తకూ ఆమెకూ మధ్య చుక్క రక్తసంబంధం లేదు. మధ్యలో ఉన్నది బోరింగు.

ఆ బోరింగును ఎవరు వేశారు? చేద బావుల నీళ్లు చాలనప్పుడు ఊరూరా చేతిపంపులు దింపారు, తర్వాత సేద్యం కోసం ఇంకా లోతుకు పోయారు. కలరా, నారికురుపు తప్పించడానికి మంచి ఉద్దేశంతో వేసినవే చాలా. కానీ తెలియక జరిగిందన్న సాకు ఎక్కువ కాలం చెల్లదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలోనే తయారుచేసింది. దాని పేరే ‘నల్లగొండ పద్ధతి’. ఆఫ్రికా దేశాల పుస్తకాల్లో కూడా ఆ జిల్లా పేరు అట్లా ఎక్కింది. పేరు అక్కడిదాకా పోయింది. ఇంటింటికీ కృష్ణా నీళ్లు రావడానికి మిషన్ భగీరథ దాకా ఆగాల్సి వచ్చింది, దాని పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో పెట్టారు. మధ్యలో గడిచిన ఏళ్లలో పుట్టిన పిల్లల నోళ్లు తెరిచి చూస్తే, ఏ ప్రభుత్వం ఎన్నాళ్లు ఊరుకుందో వరుసగా లెక్కపెట్టవచ్చు. ‘తరతరాల ఫ్లోరైడ్ భూతం’ అంటే భూతవైద్యుణ్ణి పిలవాలేమో. నీళ్లు, పైపు, ఇంజనీరు, బడ్జెట్ అంటే అడగడానికి ఒక ఆఫీసు ఉంటుంది.

మాట అటూ ఇటూ అయితే ఏమైందంటారా? చట్టం రాసినవాళ్లు ఈ సంగతి మనకంటే బాగా పట్టించుకున్నారు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చదవండి. మనిషి తాను గానీ, తన పై తరాలవాళ్లు గానీ, కింది తరాలవాళ్లు గానీ తీసుకున్న అడ్వాన్సు కోసం చాకిరి చెయ్యడం, వారసత్వంగా మీద పడ్డ బాధ్యత కోసం చెయ్యడం, ఫలానా కులంలో పుట్టినందుకు చెయ్యడం, అన్నీ విడివిడిగా రాసి మరీ కొట్టేసింది. ఆ అప్పులు రద్దన్నది. 2005 వారసత్వ సవరణ ఆడపిల్లకు వాటా ఇవ్వడంతో పాటు ఇంకో పని కూడా చేసింది, దాన్నెవరూ చెప్పుకోరు. తండ్రి, తాత, ముత్తాత చేసిన అప్పును కేవలం ‘కొడుకు ధర్మం’ పేరుతో కొడుకు మీదా మనుమడి మీదా మునిమనుమడి మీదా ఆ తర్వాత కోర్టులు రుద్దకూడదన్నది. మా దగ్గర ఫైనాన్స్ వడ్డీవాళ్లు మాత్రం ఇప్పటికీ తండ్రి దినం నాడే వచ్చి కూర్చుంటారు. పన్నెండు రోజులైనా ఆగరు.

ఇన్ని చెప్పాక ఎదురుప్రశ్న రానే వస్తుంది. తరతరాలుగా అనేది పేదవాడికి ఉన్న ఒకే ఒక్క రుజువు కదా, దాన్ని కూడా గుంజుకుంటావా అని. ఇది గట్టి ప్రశ్న. నల్లమలలో, అమ్రాబాద్ పైన, ఒక చెంచు ముసలాయన ‘మా తాతల సంది ఈ గుట్ట మాదే’ అంటే అది సాకు కాదు, హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా దాన్ని అట్లాగే చూసింది. గిరిజనులు కానివాళ్లయితే 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలుగా అడవి మీద బతికినట్టు చూపాలంది, తరం అంటే 25 ఏండ్లని అర్థం కూడా రాసిపెట్టింది. అంటే 75 ఏండ్లు. రుజువుల్లో పెద్దమనుషులు చెప్పిన మాటను రాసి తెచ్చినా చెల్లుతుందని నిబంధనల్లో ఉంది. బల్ల మీద కూర్చునే నాకు ఎదురయ్యేది వేరు. అడవి భూమికి అర్జీ పెడితే ‘తరతరాలు అంటే ఎట్ల, కాగితం చూపు’ అంటారు. అదే మనిషి వలస గురించీ రోగం గురించీ మొరపెట్టుకుంటే, ‘అది తరతరాలుగా ఉన్నదే కదా’ అని వాళ్లే అంటారు. అప్పుడు ఏ కాగితమూ అక్కర్లేదు. హక్కు అడిగినప్పుడు నమ్మని మాటను కష్టం చెప్పుకున్నప్పుడు ఎందుకు నమ్ముతున్నారన్నదే నా తగాదా.

తరాల మధ్య తెగాల్సింది తెగిన సందర్భాలు కూడా మన దగ్గరే ఉన్నాయి. చేనేత ఇంట్లో ఆసు పోయడం, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పడం, ఆడవాళ్ల పని. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఇటు నుంచి అటు తిప్పాలి, సాయంత్రానికి భుజం పనికిరాదు. అత్త పోసింది కాబట్టి కోడలు పోసింది. అప్పటి నల్లగొండ జిల్లాలోని శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసి ఊరుకోలేదు. బడి చదువు మధ్యలో ఆగిన మనిషి, ఏళ్లు కష్టపడి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేసి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. కొడుకు నుంచి తల్లికి దిగిన దాన్ని ఏమనాలో విరాసత్ ఫారంలో లేదు. పైనుంచి కిందికే రావాలని ఎవరు పెట్టారు రూలు?

నా బల్ల దగ్గర ఇప్పుడు పద్ధతి మార్చాను. ‘తరతరాలుగా అని పెట్టు సారూ, బరువుంటది’ అని ఎవరన్నా అంటే కలం కింద పెట్టి, ఏ ఏడు సంది అని అడుగుతాను. మాకు తారీఖులు ఎట్ల తెలుస్తాయి అంటారు మొదట. తెలుస్తాయి. మా ముసలివాళ్ల దగ్గర క్యాలెండర్ వేరే ఉంటుంది. రజాకార్ల ఏడు అంటే 1948. ఇందిరమ్మను కాల్చిన ఏడు 1984. ఊరు ముంపుకు పోయిన ఏడు, పటేల్ పట్వారీలను తీసేసిన ఏడు, పెద్ద బిడ్డ పెండ్లయిన ఏడు. వాటిని పట్టుకుని వెనక్కి నడిస్తే ప్రతి కష్టానికీ ఒక సంవత్సరం దొరుకుతుంది. సంవత్సరం దొరికితే అప్పటి ఆఫీసరు, అప్పటి జీవో, అప్పటి కాంట్రాక్టరు కూడా దొరుకుతారు.

చెల్లెలి అత్తగారి ఊరి నుంచి ఒకామె మోకాళ్ల పింఛను కోసం నా దగ్గరికే వచ్చింది, మా బావ చెబితే. ఆ బోరింగు ఎప్పుడు వేశారని అడిగాను. ఎన్టీఆర్ గెలిచిన ఏడు అన్నది. దరఖాస్తులో ‘1983 నుంచి ఫలానా వాడకట్టులోని చేతిపంపు నీళ్లు తాగినందున’ అని రాశాను. కలెక్టరేట్‌లో గుమస్తా అది చదివి, “ఇంత కచ్చితంగ ఎట్ల చెప్తున్నవమ్మా?” అన్నాడట. “గా ఏడే మా చిన్నోడు పుట్టిండు. వానికి తొలి స్నానం గా నీళ్లతోనే పోసినం” అన్నదట ఆమె.